లింఫోమా ఉపరకాన్ని తేల్చే 20 జన్యువుల పరీక్ష: లింఫ్‌2సీఎక్స్ సమీక్ష

డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్ను సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకే జబ్బులా కనిపిస్తుంది. 2000లో అలిజాదే, స్టాట్ తదితరులు నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, కణంలో ఏ జన్యువు ఎంతగా పనిచేస్తోందో కొలిచి, ఆ ఒకే పేరు కింద జీసీబీ (జెర్మినల్ సెంటర్ బి-సెల్ రకం), ఏబీసీ (యాక్టివేటెడ్ బి-సెల్ రకం) అనే రెండు భిన్నమైన జబ్బులున్నాయని చూపింది. అయితే వేల జన్యువులను ఒకేసారి కొలిచే అప్పటి మైక్రోఅరే పద్ధతికి బయాప్సీ తీసిన వెంటనే అతిశీతలంలో భద్రపరచిన కణజాలం కావాలి. మామూలు ఆసుపత్రుల్లో బయాప్సీ ముక్క నేరుగా ఫార్మలిన్‌లోకి వెళ్తుంది కనుక, ఆ జ్ఞానం చాలాకాలం పరిశోధనశాలలు దాటి రాలేదు.

2014లో స్కాట్ బృందం బ్లడ్ పత్రికలో వివరించిన లింఫ్‌2సీఎక్స్ ఆ అడ్డంకిని తొలగించింది. నా దృష్టిలో దీని అసలైన గొప్పతనం అదే. పారాఫిన్ మైనపు బ్లాకు నుంచి మైక్రోటోమ్‌తో కోసిన పలుచని పొరలే దీనికి ముడిసరుకు. ఫార్మలిన్‌లో జన్యువు ఎంతగా పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుంది. అయినా నానోస్ట్రింగ్ ఎన్‌కౌంటర్ యంత్రానికి అది అడ్డు కాదు. అది ఆ ముక్కలకు ప్రతులు తీయదు. రంగుల బార్‌కోడ్ ఉన్న ప్రోబులను (వెతుకుతున్న ఆర్‌ఎన్‌ఏకే అతికే చిన్న తునకలను) వాటికి అతికించి, ఒక్కొక్క అణువునూ నేరుగా లెక్కపెడుతుంది. లెక్కించే 20 జన్యువుల్లో 8 ఏబీసీలోనూ, 7 జీసీబీలోనూ ఎక్కువగా పనిచేసేవి కాగా, మిగిలిన 5 పోల్చి చూసుకోవడానికి ఉంచినవి. ధ్రువీకరణలో కచ్చితమైన ఉపరకం తెలిసిన నమూనాల్లో ఒక్కటే తప్పుగా తేలింది. రెండు వేర్వేరు ల్యాబుల ఫలితాలు 95 శాతానికి పైగా ఏకీభవించాయి.

మన హైదరాబాద్‌లోనైనా, విశాఖలోనైనా పాథాలజిస్టులు ఎక్కువగా ఆధారపడేది 2004 నాటి హాన్స్ పద్ధతి మీద. సీడీ10, బీసీఎల్6, మమ్1 అనే మూడు ప్రోటీన్లకు స్లయిడ్లపై రంగు వేసి, 30 శాతం లేదా అంతకు మించిన కణాలకు రంగు పడితే పాజిటివ్ అంటారు. ఖర్చు తక్కువ, త్వరగా తేలుతుంది. కానీ 25 శాతమా, 35 శాతమా అన్నది చూసే కంటిని బట్టి మారుతుంది. పైగా ఎటూ చెందని కేసులను కూడా అది ఏదో ఒక వైపు నెట్టక తప్పదు. లింఫ్‌2సీఎక్స్ మాత్రం అలాంటి వాటిని వర్గీకరణకు అందనివిగా నిజాయితీగా ప్రకటిస్తుంది. హాన్స్ వాడే మమ్1, సీడీ10 ప్రోటీన్లను తయారుచేసే ఐఆర్ఎఫ్4, ఎంఎంఈ జన్యువులు ఈ 20లోనూ ఉన్నాయి. తేడా అంతా వాటి పక్కన మరెన్ని సాక్ష్యాలు ఉన్నాయన్నదే.

ఈ వర్గీకరణ ఊరికే పేరు మార్పు కాదు. ఆర్-చాప్ (ఈ జబ్బుకు సాధారణంగా ఇచ్చే, రిటుక్సిమాబ్‌తో కూడిన కీమోథెరపీ) చికిత్స పొందిన రోగులపై 2015లో వచ్చిన విశ్లేషణలో, అయిదేళ్లు జీవించినవారు జీసీబీలో 78 శాతం, ఏబీసీలో 56 శాతం. అంత తేడా కనిపించాక ఏబీసీకి ప్రత్యేక మందు దొరుకుతుందని అందరూ ఆశించడం సహజం. ఇదే సాంకేతికతతో ఏబీసీ రోగులను ఎంపిక చేసి జరిపిన రోబస్ట్ ట్రయల్‌లో, ఆర్-చాప్‌కు లెనలిడోమైడ్ అనే మందు చేర్చినా జబ్బు అదుపులో ఉండే కాలం చెప్పుకోదగినంత పెరగలేదు. పోలారిక్స్ ట్రయల్‌లో పోలటుజుమాబ్ అనే మరో మందు ఏబీసీ రోగులకు ఎక్కువ మేలు చేసినట్టు కనిపించింది గానీ, అది ఉపవర్గాలుగా విడదీసి చూసిన విశ్లేషణ మాత్రమే.

కనుక కొలత సాధనంగా ఈ పరీక్షకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. సొంత డబ్బుతో వైద్యం చేయించుకునే కుటుంబానికి మాత్రం దీన్ని తప్పనిసరి అని చెప్పలేను. సన్నని సూదితో తీసిన చిన్న బయాప్సీ అయితే, ఉన్న కాస్త కణజాలాన్ని ముందుగా మిక్, బీసీఎల్2 జన్యువులు విరిగి స్థానం మారాయేమో చూసే ఫిష్ పరీక్షకు వాడాలి. ఆ ఫలితం చికిత్సను మార్చే అవకాశం ఎక్కువ. ట్రయల్‌లో చేరబోయేవారికి, హాన్స్ ఫలితం హద్దు మీద ఊగిసలాడుతున్నవారికి లింఫ్‌2సీఎక్స్ తరహా పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది. ఎముక మజ్జ నమూనాను ఆమ్లంతో మెత్తబరిచి ఉంటే అందులో ఆర్‌ఎన్‌ఏ బాగా పాడైపోతుంది కాబట్టి, పరీక్షకు పంపాల్సింది లింఫ్ గ్రంథి బ్లాకునే.