నీళ్లలోకి వెళ్తే పీఎల్‌బీనా, శాటిలైట్ మెసెంజరా?

అమెరికాలో ఉన్న మనవాళ్లు వేసవి వస్తే చాలు, కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) అద్దెకు తీసుకుని సరస్సుల్లోకో, బ్యాగు తగిలించుకుని కొండల్లోకో వెళ్తున్నారు. ఫోన్ సిగ్నల్ లేని చోట ఆపద వస్తే ఎవరిని ఎలా పిలవాలన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి. అందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పర్సనల్ లొకేటర్ బీకన్, అంటే పీఎల్‌బీ; బటన్ నొక్కితే ఉపగ్రహాల ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం. రెండోది గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్, అంటే ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే, అందుకునే పరికరం.

కొండల్లోకైతే నా ఓటు మెసెంజర్‌కే. కాలు మడతపడి నడవలేకపోతే ఏం జరిగిందో, ఎంతమంది ఉన్నారో రాసి పంపవచ్చు. అవతలి నుంచి జవాబూ వస్తుంది. ఆపద లేకుండా ఆలస్యమే అయితే ‘కంగారు పడొద్దు, రాత్రికి వస్తాం’ అని ఇంటికి చెప్పవచ్చు. ఇంట్లోవాళ్ల టెన్షన్ సగం తగ్గేది అక్కడే. కాకపోతే చందా కట్టాలి. డబ్బు మిగులుతుందని ప్లాన్ ఆపేసి అలాగే వెళ్తే ఎస్‌ఓఎస్ బటన్ పనిచేయదు.

నీళ్ల సంగతి వేరు. సుపీరియర్ లాంటి సరస్సులో నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. బాగా చల్లటి నీళ్లలో పడితే సుమారు 10 నిమిషాల్లోనే వేళ్లు మొద్దుబారతాయి. అలలు ముఖాన కొడుతుంటే చిన్న స్క్రీన్ మీద మెసేజ్ ఎలా టైప్ చేస్తారు? పీఎల్‌బీకి యాంటెన్నా విప్పి బటన్ నొక్కితే చాలు. 406 మెగాహెర్ట్జ్‌లో కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు కనీసం 24 గంటల పాటు సంకేతం పంపుతూనే ఉంటుంది. దగ్గరికి వచ్చిన రక్షణ బృందం వెతుక్కోవడానికి 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం కూడా ఇస్తుంది. చందా లేదు, బ్యాటరీ ఏళ్ల తరబడి ఉంటుంది. మనం మాట్లాడలేం, చాలా మోడళ్లలో జవాబూ రాదు. అయినా నీళ్లలో నేను నమ్మేది దీన్నే.

పీఎల్‌బీ కొనేటప్పుడు నీళ్లలో తేలుతుందో లేదో అడగండి, అన్నీ తేలవు. కయాక్‌లో పెట్టకండి, లైఫ్ జాకెట్‌కే కట్టుకోండి. బోల్తా పడ్డాక గాలికి కయాక్ దూరంగా కొట్టుకుపోవచ్చు. నొక్కాక యాంటెన్నా నీళ్లకు పైన, ఆకాశం వైపు ఉండేలా పట్టుకోవాలి. పక్క పడవ వాళ్లను పిలవడానికి జాకెట్‌కు ఒక విజిల్ కూడా ఉండాలి. ఐఫోన్ 14 నుంచి వస్తున్న శాటిలైట్ ఎస్‌ఓఎస్ గట్టు మీద అక్కరకు వస్తుంది కానీ, తడి చేతులతో టచ్‌స్క్రీన్‌ను నమ్ముకోలేం.

పీఎల్‌బీని అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వద్ద ఉచితంగా రిజిస్టర్ చేయాలి, రెండేళ్లకోసారి వివరాలు సరిచూడాలి. అందులో అత్యవసర నంబరుగా గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నల నంబరు ఇవ్వకండి. సంకేతం అందగానే అధికారులు ముందు ఆ నంబరుకే ఫోన్ చేస్తారు. మీరు ఏ సరస్సుకు వెళ్లారో తెలిసిన, అమెరికాలోనే ఉండే స్నేహితుడి నంబరు ఇవ్వండి.

ఇండియాకు వచ్చేటప్పుడు మాత్రం మెసెంజర్‌ను సూట్‌కేసులో పెట్టుకోకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇక్కడ అది నేరం. దాంతో పట్టుబడి విమానాశ్రయాల్లో చిక్కుకుపోయిన విదేశీయులున్నారు.