గ్లేజు నేర్చుకోవడానికి రెండు స్టూడియోల్లో బస

కుండకు గాజులాంటి మెరుపునిచ్చే పూతే గ్లేజు. దాన్ని కుంచెతో వేస్తే నాకు ఎప్పుడూ చారలే వచ్చేవి. ఒకసారి కాల్చిన కుండ నీళ్లను ఇట్టే పీల్చేస్తుంది. కుంచె కాస్త కదిలేలోపే గ్లేజు ఆరి పట్టేస్తుంది. ఈ ఒక్కటీ సరిగా నేర్చుకోవాలని, బస కూడా ఇచ్చే రెండు కుండల స్టూడియోల్లో నాలుగేసి రోజులు ఉండి వచ్చాను.

మొదటి చోట గది చాలా బాగుంది. పెద్ద కిటికీ, మంచి పరుపు, చక్రాలు కూడా బోలెడు. కానీ గ్లేజు బకెట్ మూత తీయగానే కుళ్లు వాసన. గ్లేజులో కలిపే సీఎంసీ అనే జిగురు సెల్యులోజ్ నుంచి తయారవుతుంది. బ్యాక్టీరియా దాన్ని తినేస్తే పట్టు పోతుంది, వేడి రోజుల్లో మరీ తొందరగా. ఆరిన గ్లేజు నా వేళ్లకు పొడిలా అంటుకుంది. చెబితే "బాగా కలపండి, సరిపోతుంది" అన్నారు. నేర్పే చోట ఆ మాట వినడం బాధేసింది.

రెండో చోట గది ఇరుకు, బాత్రూమ్ అందరికీ ఒకటే. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను. నేర్పే ఆవిడ మొదటి సాయంత్రమే నాతో జిగురు తూకం వేయించారు: కిలో గ్లేజు పొడికి 10 గ్రాములు. వేడి నీళ్లను తిప్పుతూ జిగురు పొడిని కొంచెం కొంచెంగా చల్లాలి, ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. రాత్రంతా నానితే పొద్దున్నకి గంజిలా అయింది. అది కలిపాక కుంచె ఎంత హాయిగా సాగిందో! పల్చగా మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి, ప్రతిసారీ దిశ మార్చి. ఆరాక చేత్తో పట్టుకున్నా రాలలేదు. తుమ్మజిగురు కూడా పనికొస్తుందట, వడకట్టి వాడాలి.

కుంచె లేకుండా కుండనే ముంచి తీసే గ్లేజు బకెట్‌లో మాత్రం ఆవిడ జిగురు వేయనివ్వలేదు. వేస్తే తొందరగా ఆరదు, బొట్లు బొట్లుగా కారుతుంది. బట్టీలో గ్లేజు కరగకముందే జిగురు కాలిపోతుంది. ఆ పొగ పోవడానికి కిటికీలన్నీ తెరిచి ఉంచారు.

బుక్ చేసేముందు బట్టీ తెరిచే రోజు మీ బసలో ఉందో లేదో అడగండి. కాల్చాక చల్లారడానికే చాలా గంటలు పడుతుంది. మొదటి చోట నా కుండలు తర్వాత పార్సిల్‌లో వచ్చాయి. రెండో చోట మాత్రం నా గిన్నె నేనే బయటికి తీశాను. ఒకే ఒక చార కనిపించింది, అడుగు దగ్గర, మూడో పూత వేయడం మరిచిపోయిన చోట.