వెనక చిన్న అద్దం పగిలితే క్లెయిమా, సొంత డబ్బా?

కారు వెనక డోర్ పక్కన, కిందికి దిగని చిన్న అద్దం పగలగానే "ఇన్సూరెన్స్ ఉందిగా" అనుకుంటాం. తొందరపడకండి. ముందు పాలసీ తీసి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకుండా గడిపిన ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ) ఎంతుందో చూడండి.

క్లెయిమ్‌లో ఒక మంచి సంగతి ఉంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు పాతబడ్డాయని 50 శాతం తరుగు కోస్తారు గానీ గాజుకు తరుగు లేదు. అయినా 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. ఐదేళ్లు కూడబెట్టిన 50 శాతం బోనస్ వచ్చే రెన్యువల్‌లో సున్నా అవుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టేది, 8000 అనుకుంటే 4000 రాయితీ పోయినట్టే. మళ్లీ 20 శాతం నుంచి మెట్లెక్కాలి.

అందుకే అద్దం, బిగింపు కలిపి మూడు నాలుగు వేలలో తేలితే నేనైతే సొంత డబ్బే పెడతాను. నష్టం అంచనా వేసే సర్వేయర్ కోసం ఎదురుచూసే టెన్షన్ కూడా ఉండదు. బోనస్ కాపాడే యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా తీసుకునే కవర్) ఉన్నా, బాడీకి కూడా పెద్ద సొట్టలు పడినా క్లెయిమే మేలు.

ఏ దారిలో వెళ్లినా పని దగ్గరుండి చూడండి. ఈ అద్దం పగిలితే చిన్న పలుకులుగా రాలి సీటు సందుల్లో చేరుతుంది. వాక్యూమ్‌తో మొత్తం తీయించాకే పిల్లల్ని వెనక కూర్చోబెట్టండి. జిగురుతో అంటించే రకమైతే అది ఆరేదాకా ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి, తలుపులు గట్టిగా వేయకండి.