అరకు ట్రిప్పూ, 700 రూపాయల స్టీరియో ఫిట్టింగూ

అరకు ట్రిప్పు బాగానే జరిగింది, రూము బాగుంది, చలి బాగుంది. నేను రాసేది మాత్రం కార్లో స్టీరియో గురించి. వైజాగ్‌లో ఎవరైనా బయట షాపులో స్టీరియో పెట్టించుకునే ముందు ఒకసారి చదువుతారని.

మాది 2013 వేగనార్. పాత స్టీరియో పోయి ఏడాదైంది. అమ్మ పోయాక నాన్నగారు ఇల్లు కదలడమే మానేశారు, బతిమాలి బతిమాలి అరకు ఒప్పించాం. ఆయనకి ఘంటసాల పాటలంటే ప్రాణం, దారంతా వింటారని పెన్‌డ్రైవ్‌లో 200 పాటలు ఎక్కించి, బయల్దేరే ముందురోజు శుక్రవారం సాయంత్రం సిటీలో ఒక షాపుకెళ్లి 5,200 పెట్టి స్టీరియో కొన్నా, ఫిట్టింగ్‌కి ఇంకో 700. కప్లర్ (బండి వైర్లు కొయ్యకుండా ప్లగ్గుకి ప్లగ్గు కలిపేది) వెయ్యమని అడిగితే "మీ బండికి కప్లర్ స్టాక్ లేదు సార్, డైరెక్టు జాయింట్ ఇచ్చేస్తాం, ఏం కాదు" అన్నాడు ఓనరు. నలభై నిమిషాల్లో అయిపోయింది, మిర్చి 98.3 పెట్టి వినిపించి పంపించేశారు. ఇంటికొచ్చి తాళం తీసి మళ్లీ పెడితే సేవ్ చేసిన స్టేషన్లన్నీ మాయం, గడియారం మళ్లీ మొదటికొచ్చింది. రాత్రయిపోయింది కదా, వచ్చాక చూద్దాంలే అని వదిలేశా.

శనివారం పొద్దున్న ఐదున్నరకి ఎంవీపీ కాలనీలో బయల్దేరాం. పెందుర్తి దాకా నాన్నగారు కూనిరాగం తీస్తూనే ఉన్నారు, మా ఆవిడ నన్ను గిల్లి మరీ చూపించింది. కొత్తవలస దాటాక గుంతలో బండి దబ్బుమని పడింది, పాట టక్కున ఆగిపోయింది. లైటు లేదు, అంకెలు లేవు, మొత్తం చచ్చిపోయింది. అదే సమయానికి వెనక నుంచి పాప "నాన్నా, ఫోను ఛార్జింగ్ ఎక్కట్లేదు" అంది. ఆ మాటే మొదటి ఆధారం. మా బండిలో ఛార్జర్ సాకెట్‌కీ స్టీరియోకీ ఒకటే ఫ్యూజు, రెండూ ఒకేసారి పోయాయంటే స్టీరియో పాడవలేదు, ఫ్యూజు పోయిందన్నమాట. స్టీరింగ్ కింద బాక్సు తీసి చూస్తే నీలం రంగు 15 ఆంప్స్ ఫ్యూజు లోపల తీగ కాలిపోయి ఉంది. స్పేరు పెట్టా, పాటొచ్చింది, అందరం సంతోషపడ్డాం, ఐదు నిమిషాల్లో స్పీడు బ్రేకర్ దగ్గర మళ్లీ పోయింది.

షాపుకి మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి "20 ది వేసేయండి సార్, ఇంక పోదు" అన్నాడు. ఎస్.కోటలో టిఫిన్‌కి ఆగితే పక్కన ఒకాయన ఇంకో సలహా, సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టేయమని. నేను నిజంగానే ఆలోచనలో పడ్డా, నాన్నగారి మొహం చూసి. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పాట లేకపోతే మానె, ఘాట్‌లో డాష్‌బోర్డులోంచి పొగొస్తే పిల్లని తీసుకుని ఎక్కడికి దూకమంటారు" అంది. ఆవిడ మాటే కరెక్టు. వైరు కాలకుండా ముందు తను కాలిపోవడానికే ఫ్యూజు పెడతారు, పెద్దది పెడితే ఫ్యూజు నిలబడుతుంది, వైరు కాలుతుంది.

ఘాటంతా మౌనంగా ఎక్కాం. "పోనీలేరా, పాటలకేముంది" అని నాన్నగారు రెండుసార్లు అన్నారు, అది వింటుంటే ఇంకా బాధేసింది. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న వాళ్లని లోపలిదాకా దింపకండి, ఆయన పైనే కూర్చుండిపోయారు. గాలికొండ దగ్గర కాఫీ తాగాం. బొంగు చికెన్ 400, ఉప్పు ఎక్కువైంది. రూము 2,200, వేడినీళ్లొచ్చాయి, దుప్పట్లు శుభ్రం.

ఆదివారం పొద్దున్న అరకులో మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ కనిపించారు. అరవై ఏళ్లుంటాయి. మా ట్రిప్పు మొత్తంలో నాకు గుర్తుండిపోయే మనిషి ఆయనే. సంగతంతా చెప్తే ఫ్యూజు ముట్టుకోలేదు, స్టీరియో ముట్టుకోలేదు, "గుంతలో పడ్డప్పుడే పోతోందా బాబూ? అయితే ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నాది" అన్నారు. కాలిపోయిన ఫ్యూజు తీసి ఆ స్థానంలో రెండు వైర్లతో ఇండికేటర్ బల్బు ఒకటి కలిపారు. తాళం తిప్పితే బల్బు భగ్గున వెలిగింది. స్టీరియో బయటికి లాగి వెనక ప్లగ్గు పీకేశారు, అయినా బల్బు వెలుగుతూనే ఉంది. "సూశారా, మీ స్టీరియోకేటీ అవలేదు, తేడా అంతా ఇటువైపు వైరింగులోనే" అని వైర్లు ఒక్కొక్కటే కదుపుకుంటూ పోతే ఒకచోట బల్బు ఆరిపోయింది. అక్కడ టేపు విప్పితే రాగి తీగలు. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేశారంతే, గుంతల కుదుపుకి టేపు జారిపోయి, ఆ తీగలు వెళ్లి స్టీరియో వెనక ఇనప పట్టీకి తగులుతున్నాయి.

స్టేషన్లు ఎందుకు పోతున్నాయో కూడా ఆయనే చూపించారు. స్టీరియోకి పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఇవ్వాలి, గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. ఎర్రది తాళం తిప్పితేనే రావాలి, నల్లది ఎర్త్. మా బండిలో పసుపూ ఎరుపూ కలిపి తాళం లైనుకే మెలిపెట్టేశారు. ఎర్త్ చూస్తే రంగు వేసిన బోల్టు కింద దూర్చి ఉంది, ఆయన అక్కడ గీకి మెరిసేదాకా శుభ్రం చేసి బిగించారు. ప్రతి జాయింటూ సోల్డరింగ్ పెట్టి, స్లీవు తొడిగి, మీటరు పెట్టి నాకు చూపించారు, పసుపు మీద తాళం లేకుండానే 12.5 వోల్టులు, ఎరుపు మీద తాళం తిప్పాకే. తర్వాత కొత్త 15 ఫ్యూజు. గంటన్నర పని, ఎంతివ్వమంటారంటే 200 అన్నారు. 500 ఇస్తే 300 వెనక్కిచ్చేశారు, ఎంత చెప్పినా తీసుకోలేదు. పాట మొదలయ్యాక నాన్నగారు కారు దిగలేదు, టీ తాగుదాం రమ్మంటే ఇక్కడికే తెచ్చెయ్యమన్నారు. తిరుగు ప్రయాణంలో ఘాట్‌లో ఎన్ని గుంతలొచ్చినా ఆగలేదు, ఎస్.కోట దగ్గర ఆయనే సౌండు పెంచమన్నారు.

మీరు పెట్టించుకునేటప్పుడు మీ బండి కప్లర్ దొరికే షాపుకే వెళ్లండి, ఒకరోజు ఆలస్యమైనా సరే. డాష్‌బోర్డు మూసేముందు జాయింట్లు చూపించమనండి, చూపించకపోతే డబ్బులివ్వకండి. తాళం తీసి పెట్టి స్టేషన్లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, వీధి చివరి స్పీడు బ్రేకర్ దాకా ఒక రౌండు వేసి రండి.

అరకులో కత్తిరించి తీసిన వైరు ముక్కలు సోమవారం సాయంత్రం తీసుకెళ్లి షాపు కౌంటరు మీద పెట్టాను. బయటివాళ్లు విప్పారు కాబట్టి మాకు సంబంధం లేదన్నాడు ఓనరు. గంటసేపు అక్కడే నిలబడ్డాను, వేరే కస్టమర్లకి కూడా ఆ ముక్కలు చూపించాను, చివరికి 400 తీసి పడేశాడు. బయటికొస్తుంటే ఆ రోజు ఫిట్ చేసిన కుర్రాడు వెనకాలే వచ్చాడు, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. "అన్నా, సోల్డరింగ్ నాకెవరూ నేర్పలేదు, రోజుకి ఆరు బళ్లు అవ్వాలంటారు" అన్నాడు. వాడి మీద కోపం అక్కడికక్కడే పోయింది, ఓనరు మీద మాత్రం రెట్టింపయింది. అరకులో ఆ షెడ్డు ఎక్కడుందో వాడికి చెప్పి వచ్చాను.