కర్నూలు పాతబస్తీలో పరుపు ఏకించుకున్నాం

మా అత్తమ్మ పెళ్లి 1978లో. పుట్టింటివాళ్లు పెట్టిన సామాన్లలో ఇప్పటికి మిగిలినవి రెండే: ఒక ఇత్తడి గంగాళం, ఒక దూది పరుపు. గంగాళం చింతపండుతో తోమితే చాలు, మెరుస్తుంది. పరుపు మాత్రం రెండంగుళాలకు అణిగిపోయింది. లోపల దూది ఉండలు కట్టి, దాని మీద పడుకుంటే సంగటి ముద్దలు పేర్చుకుని పడుకున్నట్టే ఉండేది.

పారేసి కొత్తది కొందామన్నది నేనే. ఆ మాట అనడానికి నాకు మొహం లేదని తర్వాత తెలిసింది. మా గదిలో ఉన్న ఫోమ్ పరుపు ఐదేళ్ల కింద 14,500 పెట్టి కొన్నది. నాలుగో ఏటికే నడుము దగ్గర గుంట పడింది. గ్యారంటీ కార్డు పదేళ్లకు ఉంది కదా అని ఫోన్ చేస్తే, ఒకతను స్కేలు తెచ్చి కొలిచి, "అంగుళం లోతు దాటితేనే మార్చేది మేడం, మీది ముప్పావే ఉంది" అని సంతకం పెట్టించుకుని పోయాడు. అప్పటి నుంచి మావారు నెలకోసారి స్కేలు పెట్టి చూస్తున్నారు, అంగుళం ఎప్పుడవుతుందా అని.

"మీది ఐదేండ్లకు పోయింది, నాది నలభై ఏండ్లు దాటింది. ఏది పారెయ్యాలమ్మా?" అంది అత్తమ్మ. నేను ఆటో పిలిచాను.

కొట్టు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. బోర్డు లేదు. సందు మొదట్లో "పరుపులు ఏకే పెద్దాయన" అని అడిగితే చెయ్యి చూపిస్తారు, కాస్త ముందుకెళితే మోటారు చప్పుడే దారి చెబుతుంది. పెద్దాయనకు డెబ్బై దాకా ఉంటాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కనుబొమల మీద దూది పేరుకుని, అచ్చం మంచులో తిరిగొచ్చినవాడిలా ఉన్నాడు, కర్నూలు ఎండలో!

దూదేకులవారికి ఇది తాతల నాటి పని. నా చిన్నప్పుడు పెద్ద విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరిగేవాళ్లు. నారిని దూదిలోకి దించి కొయ్యగుండుతో కొడితే ధుంయ్ ధుంయ్ అని మోగేది. ఆ అదురుకే ఉండలన్నీ పోగులు పోగులుగా విడిపోయి గాల్లోకి లేచేవి. ఇప్పుడు ఆ పని మేకుల రోలరున్న మిషన్ చేస్తోంది. ఈయన విల్లు గోడకు వేలాడుతూ ఉంది. పలుకుతుందా అని అడిగితే వేలితో ఒకసారి మీటి చూపించాడు. మిషన్ పది నిమిషాల్లో చేసేదానికి విల్లుతో ఒక పూట పట్టేదట.

నన్ను కట్టిపడేసింది మాత్రం మిషన్ కాదు, పెద్దాయన చెయ్యి. పరుపు ఒక పక్క కుట్టు విప్పి, మోచేతి దాకా లోపలికి పెట్టి, తల వైపు నుంచి, నడుము దగ్గర నుంచి, కాళ్ల వైపు నుంచి మూడు చిటికెల దూది తీశాడు. ఒక చిటికెను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగాడు. పోగులు తెగకుండా జారుతూ విడివడ్డాయి. "అంగుళం పోగు తల్లీ. చేని పత్తి. యాడిది?" అన్నాడు. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. ఆదోని పక్కన నల్లరేగడిలో వాళ్ల నాయన పండించిన పత్తి అది.

నడుము దగ్గరి దూదిని లాగితే మాత్రం పుటుక్కున తెగింది. వెలుతురులో పట్టి చూపించాడు. మధ్యలో నీలం దారం ముక్కలు, ఒక ఎర్ర నలుసు. "ఇది గుడ్డపేలికల దూది. మీరు పెట్టింది కాదు, ఎవరో మార్చినారు." అత్తమ్మ కాసేపు ఆలోచించి, తమ్ముడి పెళ్లికి ఊరెళ్లినప్పుడు ఇంటి ముందుకొచ్చిన ఎవరికో మామగారు పరుపు ఇచ్చి ఏకించారని గుర్తు చేసుకుంది. ఆ పూట మంచి దూది సంచిలోకి, పేలికలు పరుపులోకి పోయాయన్నమాట. ముప్పై ఏళ్ల తర్వాత బయటపడ్డ దొంగతనం! మామగారు లేరు కాబట్టి తిట్లు తప్పించుకున్నారు.

ఇంకొకరైతే అక్కడే "మొత్తం కొత్త దూది వేయించుకోండి" అనేవాళ్లు. ఈయన పేలికల దూదిని వేరు చేసి, "ఇది కుర్చీ దిండ్లకు సరిపోతాది, పారెయ్యకు" అని పక్కన పెట్టాడు. రెండు కిలోలు కొత్తది కలిపితే చాలన్నాడు. తర్వాత "పాత నూలు చీరలు ఉన్నాయా ఇంట్లో?" అని అడిగాడు. ఎందుకో అర్థం కాలేదు గానీ రెండు తెచ్చిచ్చాం. వాటితో లోపలి సంచి కుట్టి దూది అందులో నింపాడు. కొత్త చారల గుడ్డతో పైన వేరే తొడుగు, ఒక పక్కన బొందులు. ఊరికే తొడుగు విప్పి ఉతుక్కోవచ్చు. దూది ఒక పక్కకు పోకుండా లోపలి సంచికి దబ్బనంతో అక్కడక్కడా టాకాలు వేస్తారు కదా, దారం గుడ్డను కోసెయ్యకుండా ప్రతి టాకా కింద చీర అంచు చుట్టి చిన్న ఉండ పెట్టాడు. పైతొడుగు విప్పితే తెల్లటి చీర మీద వరసగా ఎర్ర మొగ్గలు. కంటికి కనబడని చోట ఆ ముచ్చట ఎందుకంటే, అంచు ముక్కలు మిగిలినాయని చెప్పాడు. అంతే.

లెక్క చెబుతాను. 11 కిలోలు ఏకినందుకు కిలోకి 40 చొప్పున 440, కొత్త దూది 440, గుడ్డ 720, కుట్టుకూలి 500. మొత్తం 2,100. ఆటోకు రానూపోనూ ఇంకో 300. పేలికల దూదితో రెండు కుర్చీ దిండ్లు కుట్టి డబ్బులు అడగలేదు, నేనే వంద ఇచ్చాను.

ఇక చిరాకులు. మూడు రోజులన్నది ఎనిమిది రోజులైంది. ఫోన్ చేస్తే "రేపు" తప్ప వేరే మాట వినపడదు. అత్తమ్మ ఆ వారమంతా చాప మీద పడుకుని నన్ను చూసిన చూపులు నాకే తెలుసు. బిల్లు అడిగితే అగ్గిపెట్టె అట్ట మీద రాసిచ్చాడు. కాటా పాతది, అందుకే ఇంట్లోనే తూకం వేసుకుని వెళ్లండి. ఈయన మోసం చేస్తాడని కాదు, మా మామగారి అనుభవం విన్నాక నమ్మకాన్ని కూడా తూకం వేయాలనిపించింది. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం కొట్టు దగ్గర నిలబడొద్దు. నాకు రెండు రోజులు తుమ్ములు ఆగలేదు.

పరుపు ఇప్పుడు ఐదంగుళాలు లేచింది. మొదటి వారం మరీ గుల్లగా ఉండి ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది, తర్వాత సర్దుకుంటుంది. వీపుకు గట్టిగా ఆనుతుంది. ఫోమ్ మీద మెత్తగా పడుకోవడం అలవాటైనవాళ్లకు నచ్చకపోవచ్చు, మా అబ్బాయికి నచ్చలేదు. రోహిణి కార్తెలో ఫోమ్ పరుపు రాత్రి రెండు గంటలకు కూడా పెనంలా ఉంటే, దీని మీద చెమట పట్టలేదు. అత్తమ్మ పగలు తలుపు దగ్గరేసుకుని పడుకుంటే, కరెంటు పోయిన మధ్యాహ్నం నేనూ వెళ్లి పక్కన చేరాను.

రెండు నెలలకోసారి మిద్దె మీద ఎండకు వేసి, కట్టెతో రెండు వైపులా కొట్టమన్నాడు. నీళ్లు మాత్రం తగలనియ్యొద్దట. ఆ సంగతి పాతబస్తీవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబర్ వరదలో ఆయన కొట్లో ఉన్న దూదంతా నానిపోయి, బురదతో కలిసి సిమెంటులా గట్టిపడితే గడ్డపారతో తవ్వి తీశారట.

వెళ్లేవాళ్లు వానలు మొదలవకముందే వెళ్లండి. ముసురు పట్టిందంటే ఆయన పరుపులు తీసుకోడు, చెమ్మ దూది మిషన్‌కు చుట్టుకుంటుంది. వెళ్లేటప్పుడు రెండు పాత నూలు చీరలు మర్చిపోవద్దు. పాలిస్టర్‌వి తీసుకెళ్తే మొహం మీదే వెనక్కిస్తాడు.