పటమట కేఫ్‌లో క్లాసికో: ఆ తాడొక్కటి తీసేయండి సార్

బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు వెళ్తుంటే ఒక మెడికల్ షాపు పైన, రెండో అంతస్తులో, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు వేసే కేఫ్ ఒకటుంది. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను. బెజవాడలో నిద్ర మానుకుని ఫుట్‌బాల్ చూసే బ్యాచ్‌కి నేను దేని గురించి చెప్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను, కానీ ఈ రివ్యూ 2025 మే 11 గురించే, అంటే స్పెయిన్ క్లబ్బులు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ తలపడే ‘క్లాసికో’ మ్యాచ్ రోజు.

మామూలుగా ఎండాకాలం ఆదివారం సాయంత్రం అక్కడ పెద్ద తెర ఐపీఎల్‌ది. ఫుట్‌బాల్ అని అడిగితే వంటగది పక్కనున్న చిన్న టీవీ చూపిస్తారు, దాని కింద నిలబడితే పోపు ఘాటుకి కళ్లు మండుతాయి. ఆ వారం ఐపీఎల్ ఆగిపోయింది కాబట్టి పెద్ద తెర మా పాలిట పడింది. పైగా మ్యాచ్ మన టైము ప్రకారం 7:45కే. ఇంట్లో ఏ అబద్ధమూ చెప్పకుండా నేను చూసిన మొదటి క్లాసికో ఇదే. ఎంట్రీ మనిషికి 300, అందులో 200 తిండి బిల్లులో తగ్గిస్తారు. ఏసీకి మాత్రం ఫుల్ మార్కులు, మే నెలలో బెజవాడ ఎండలోంచి వచ్చినవాడు ఇంకేం అడుగుతాడు.

ఇక తాడు సంగతి. హాలు మధ్యలో ఎర్ర తాడు కట్టారు, రిసెప్షన్లలో స్టేజీ ముందు కడతారే అలాంటిది. ఇటు బార్సా, అటు మాడ్రిడ్. గుమ్మం దగ్గర కుర్రాడు ‘ఏ టీమ్ అన్నా?’ అని అడిగి చేతికి రంగు బ్యాండు కట్టి పంపిస్తున్నాడు. నేను బార్సా, గుంటూరు నుంచి వచ్చిన మా బావ మాడ్రిడ్. ‘ఒకే బండి మీద వచ్చాం తమ్ముడూ’ అన్నా వినలేదు, ‘గొడవలవుతాయని సార్ చెప్పారన్నా’ అన్నాడు. అసలు బావ గుంటూరు నుంచి వచ్చిందే నాతో గొడవ పడటానికి కదా! వాణ్ని అటు తోసేసి నన్ను ఇటు కూర్చోబెడితే నేనెవరితో వాదించాలి, మావైపు అందరూ నేను చెప్పినదానికి తలాడించేవాళ్లే.

మా ఇద్దరికీ ప్రతి మ్యాచ్‌కీ ముందు ఒక తంతు ఉంటుంది. నేను 1943 తీస్తాను. స్పెయిన్ నియంత ఫ్రాంకో పేరు మీద నడిచిన కప్పు సెమీఫైనల్, మొదటి మ్యాచ్ బార్సిలోనా 3-0తో గెలిచింది, రెండోది మాడ్రిడ్‌లో 11-1తో ఓడింది. మధ్యలో ఏం జరిగిందో, డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు ఎవర్ని బెదిరించారో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. వాడు వెంటనే 1953 డి స్టెఫానో సంగతి తీస్తాడు. ఆ అర్జెంటీనా ఆటగాడు మావాడంటే మావాడని రెండు క్లబ్బులూ పట్టుబడితే, స్పెయిన్ ఫెడరేషన్ వాళ్లు ఒక సీజన్ ఇక్కడ, ఒక సీజన్ అక్కడ ఆడమని తీర్పు చెప్పారు. పుట్టింట్లో ఏడాది, అత్తారింట్లో ఏడాది అన్నట్టు. బార్సిలోనా వద్దు పొమ్మని వదిలేసింది, ఆయన మాడ్రిడ్‌కి వెళ్లి 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు యూరోపియన్ కప్పులు గెలిపించాడు. ‘వదిలేసింది మీరేగా’ అంటాడు బావ. నేను ఫిగో అంటాను. 2000లో మమ్మల్ని కాదని మాడ్రిడ్‌కి వెళ్లిన ఫిగో 2002లో మా గ్రౌండ్‌లో కార్నర్ కొట్టడానికి వస్తే జనం విసిరినవాటిలో పంది తల కూడా ఉంది. దానికి గర్వపడాలో సిగ్గుపడాలో నాకు ఇంతవరకు తేలలేదు. ఇదంతా ఆ రోజు తాడుకి అటూ ఇటూ ఫోన్‌లో మాట్లాడుకున్నాం, పన్నెండు అడుగుల దూరంలో!

ఎడంవైపు గోడ మీద ప్రపంచంలోని పెద్ద వైరాలన్నీ బొమ్మలతో పెయింట్ చేయించారు. ఐడియా బాగుంది, కానీ రాయించినాయన ఎవరో స్కాట్లాండ్ జట్లలో సెల్టిక్‌ని ప్రొటెస్టెంట్ క్లబ్బు, రేంజర్స్‌ని కేథలిక్ క్లబ్బు చేసేశాడు. తిరగేయాలి సార్. గ్లాస్గోలో ఆకలితో ఉన్న ఐరిష్ కేథలిక్ పిల్లలకు అన్నం పెట్టడానికి వాల్‌ఫ్రిడ్ అనే మత సోదరుడు 1887లో పెట్టిన క్లబ్బు సెల్టిక్. రేంజర్స్‌లో పేరున్న కేథలిక్ ఆటగాడు మో జాన్‌స్టన్ చేరేసరికి 1989 అయింది, అప్పుడు కూడా అభిమానులు కొందరు మెడలోని స్కార్ఫులు తీసి కాల్చారు. అంత పగ ఉన్న ఊళ్లో 1888లో ఈ రెండు జట్లు మొదటిసారి ఆడి, సెల్టిక్ 5-2తో గెలిచి, ఆ రాత్రి అందరూ కలిసి భోంచేశారు. తాడు కట్టకుండానే! ఈ ముక్క గోడ మీద రాయించండి ముందు.

అర్జెంటీనా బొమ్మ కింద రాసింది మాత్రం కరెక్టే. బోకా, రివర్ రెండూ బ్యూనస్ ఎయిర్స్‌లో ఒకే రేవు పేటలో పుట్టిన క్లబ్బులు, తర్వాత రివర్ డబ్బున్న పేటకి మారింది. 2018లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబర్తడోరెస్ ఫైనల్లో బోకా బస్సు మీద రాళ్లు పడితే మ్యాచ్ ఆపి, ఏకంగా సముద్రం దాటించి మాడ్రిడ్‌లో ఆడించారు, రివర్ 3-1తో గెలిచింది. అలాంటి చోట తాడు కాదు, గోడ కట్టినా తప్పులేదు. పటమటలో ఎందుకు?

తిండి. ‘కోల్‌కతా డెర్బీ కాంబో’ అని ఒకటి పెట్టారు (డెర్బీ అంటే ఒకే ఊరి రెండు జట్ల పోటీ), మోహన్ బగాన్ ప్లేటులో రొయ్యల వేపుడు, ఈస్ట్ బెంగాల్ ప్లేటులో పులస. అక్కడ నిజంగానే బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేపలు కొంటారు, ఆ ఇలిషే గోదారిలోకి ఎదురెక్కితే మన పులస. కానీ పుస్తెలమ్మైనా తినాలనే పులసని 249కి, అదీ వరద నీళ్లు రాకముందే మే నెలలో ఎవరిస్తారండీ? వచ్చింది బొచ్చె ముక్క. వేపుడు బాగానే ఉంది, కారం సరిపోయింది, బొచ్చె అనే రాసి అమ్ముకోవచ్చుగా. రొయ్యలు మాత్రం నిజాయితీగా ఉన్నాయి, ప్లేటుకి పదకొండు లెక్కపెట్టాను.

ఈ కేఫ్‌కి నేను మళ్లీ వెళ్లడానికి అసలు కారణం కిటికీ పక్క టేబుల్ బాబాయ్. రైల్వేలో చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్లు ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. ఆయన ఈస్ట్ బెంగాల్ మనిషి. మెనూలో ఏమున్నా ఆమ్లెట్టే చెప్తారు. ఎందుకు బాబాయ్ అంటే 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ కథ మొదలుపెడతారు. బగాన్ కోచ్ అమల్ దత్తా మ్యాచ్‌కి ముందు ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లలో భూటియాని ‘చుంగ్ చుంగ్’ అని, ఓమోలోని ‘ఆమ్లెట్’ అని ఎగతాళి చేశాడు. సాల్ట్ లేక్ స్టేడియంకి వచ్చిన జనం 1,31,781. భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1. ‘ఆ రోజు నుంచి ఆమ్లెట్ తింటే అదో తృప్తిరా’ అంటారు. తాడు ఎందుకు కట్టారని ఆయన్నే అడిగాను, ఏదో జోకేస్తారనుకుని. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే డెర్బీకి గ్యాలరీలో కొట్టుకుని తొక్కిసలాటలో 16 మంది పోయారని చెప్పి కాసేపు మాట్లాడలేదు. ఓనర్ని నేను మరీ వెక్కిరించకపోవడానికి అదొక కారణం. కానీ బాబాయ్ ఏ బ్యాండూ కట్టించుకోలేదు, ఆయన కుర్చీ సరిగ్గా తాడు కిందే ఉంది.

మ్యాచ్ చెప్పక్కర్లేదు, చూసే ఉంటారు. 14 నిమిషాలకే ఎంబాపే రెండు కొట్టేసరికి బావ తాడు మీదుగా నాకు ఫ్లయింగ్ కిస్సులు విసిరాడు. తర్వాత మావాళ్లు, ఎరిక్ గార్సియా ఒకటి, యమాల్ ఒకటి, రఫీన్యా రెండు, అన్నీ ఫస్టాఫ్‌లోనే, 4-2. కానీ ఇందులో ఒక్క గోలు కూడా నేను నా కళ్లతో ముందు చూడలేదు. కేఫ్ ఇంటర్నెట్ కనీసం అరనిమిషం వెనక నడుస్తోంది, నా వెనక కుర్రాడి ఫోన్‌లో స్కోర్ యాప్ ముందే టింగుమంటోంది. ఇక్కడ తెర మీద మాడ్రిడ్ వాళ్లు బంతి పట్టుకుని ఉంటారు, వాడు ‘రఫీన్యా!’ అని కుర్చీ ఎక్కుతాడు. ఇంత డబ్బు పెట్టి తెర కొన్నవాళ్లు మంచి కనెక్షన్ పెట్టుకోలేరా? లేదంటే ఆ తాడుతో మా ఫోన్లు కట్టేయండి.

సెకండాఫ్‌లో బావ తాడు కిందనుంచి వంగి ఇటొచ్చేశాడు. కుర్రాడు చూసి చూడనట్టు ఊరుకున్నాడు. 70వ నిమిషంలో ఎంబాపే మూడోది కొట్టి 4-3 చేశాక చివరిదాకా వాడు నా భుజం పట్టుకునే ఉన్నాడు, మర్నాడు చూస్తే గోళ్ల గుర్తులున్నాయి. ఆ సీజన్‌లో నాలుగు క్లాసికోలు, నాలుగూ మేమే గెలిచాం. ఓడినవాడు కట్టాలని పందెం కాబట్టి బిల్లు 1,640 బావే కట్టాడు, బాబాయ్ ఆమ్లెట్ కూడా అందులోనే.

బండి మాత్రం సెల్లార్‌లో పెట్టకండి, పదిన్నరకి షట్టర్ దించేస్తారు. మేం వాచ్‌మెన్ కోసం ముప్పావుగంట తిరిగాం, అప్పటికి గుంటూరు ఆఖరి బస్సు కూడా వెళ్లిపోతుందేమోనని బావకి టెన్షన్. బండి మీదే వచ్చామని ఇద్దరికీ గుర్తులేదు.