అక్వేరియంలో ఒక్క పూటే ఉంటే ఏది మేలు: షోనా, అక్కడి సముద్రపు తొట్లా?

సముద్రం ఒడ్డున ఉన్న అక్వేరియానికి వెళ్లినవాళ్లు గేటు దాటగానే అడిగేది 'షో ఎన్నింటికి?' అని. ఇక అక్కడినుంచి పూటంతా ఆ టైం చుట్టూనే తిరుగుతుంది. ముందు వరసలో సీటు కోసం అరగంట ముందే వెళ్లి కూర్చోవడం, దారిలో ఉన్న తొట్లను నడుస్తూనే చూసేయడం. నా మాట అడిగితే దీన్ని తిరగేయాలి. ఆ తీరంలోనే బతికే జీవులున్న తొట్లకే ఎక్కువ టైం ఇవ్వండి, షో తర్వాత చూసుకోవచ్చు.

షోల్లో కూడా అన్నీ ఒకటి కావు. సీ లయన్ (సీల్‌ను పోలిన సముద్ర జంతువు) షో, అదీ ట్రైనర్ మాట్లాడుతూ చేసేదైతే, చూడదగ్గదే. సరిగ్గా చేసిన క్షణంలోనే విజిల్ ఊదుతారు, చేప ఆ తర్వాత ఇస్తారు, దాంతో ఏ పని చేసినందుకు చేప దొరికిందో దానికి తెలిసిపోతుంది. ఇదే పద్ధతిలో నోరు తెరిచి పళ్లు చూపించడం, కదలకుండా రక్తం తీయించుకోవడం కూడా నేర్పిస్తారు, బలవంతంగా పట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

డాల్ఫిన్, ఓర్కా (కిల్లర్ వేల్) షోలకు మాత్రం నేను వెళ్లను. ఎక్కడెక్కడో తిరిగే జీవులు, శబ్దం చేసి దాని ప్రతిధ్వనితో దారి వెతుక్కునేవి, వాటికి నాలుగు గోడల కొలను ఎలా సరిపోతుంది? మన దేశం 2013లోనే డాల్ఫినేరియాలకు, అంటే డాల్ఫిన్ షోల కొలనులకు, అనుమతులు వద్దని చెప్పింది, అమెరికాలో ఇలాంటి షోలు నడిపే పార్కుల సంస్థ సీవరల్డ్ 2016లో ఓర్కాల పెంపకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది, కెనడా 2019లో వీటిని బంధించడాన్ని నిషేధిస్తూ చట్టమే చేసింది.

ఇక తొట్లు. కాలిఫోర్నియాలో 1984లో తెరిచిన మాంటెరే బే అక్వేరియం ఎందుకు అంత పేరు తెచ్చుకుందో చూడండి, ఎదురుగా ఉన్న సముద్రం నీళ్లనే పంపుతో లోపలికి తెస్తారు. పగలు జనానికి స్పష్టంగా కనిపించాలని వడకడతారు, రాత్రి వడకట్టకుండా వదులుతారు. ఆ నీళ్లతో పాటు కంటికి ఆనని జీవులు కూడా వచ్చి తొట్టిలో స్థిరపడి పెరుగుతాయి. అంటే అక్కడ కనిపించేది అలంకరణ కాదు, సముద్రంలోనే ఒక ముక్క!

ఇలాంటి తొట్టి దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడితేనే అసలు సంగతులు కనిపిస్తాయి. రాయికి అంటుకున్న గుల్లలా ఉండే బార్నకిల్ తలకిందులుగా అతుక్కుని, ఈకల్లాంటి కాళ్లతో తిండిని నోట్లోకి లాగేసుకుంటుంది. మూడు గుండెలూ నీలం రక్తమూ ఉన్న ఆక్టోపస్ రాయి రంగులోకి మారిపోతుంది, ఎక్కడుందో వెతుక్కోవాలి. సముద్రగుర్రాల్లో మగదే పిల్లల్ని సంచిలో మోస్తుంది. ఇవేవీ మైకులో పిలిచి చూపించరు, ఓపిక ఉన్నవాళ్లకే దొరుకుతాయి.

పిల్లలకు విసుగొస్తుంది కదా అంటారు. దానికి మేత వేసే టైం ఉంది. కొన్ని చోట్ల డైవర్ తొట్టిలోకి దిగి మేత వేస్తూ మాట్లాడతారు, దాన్నే షో అనుకోండి, ఏ జంతువుతోనూ గంతులు వేయించరు. టచ్ పూల్, అంటే జీవుల్ని చేత్తో తాకనిచ్చే తొట్టి, ఉంటే చెయ్యి తడుపుకుని రెండు వేళ్లతో మెల్లగా తాకితే చాలు, స్టార్ ఫిష్‌ను నీళ్లలోంచి పైకి ఎత్తనివ్వకండి.

కాబట్టి తలుపులు తెరిచిన మొదటి గంట, జనం లేనప్పుడే, నేరుగా తొట్లకు వెళ్లండి. మేత టైం మాత్రం ముందే కనుక్కోండి. సీ లయన్ షో ఉంటే అప్పుడు చూడండి, ఓపిక లేకపోతే వదిలేయండి.